కంప్రెసర్‌కు పది నిమిషాలు

ఉరవకొండలో బట్టల కొట్టు శేషయ్యను పిసినారి అనేవాళ్లున్నారు గానీ, అది సరైన మాట కాదు. పిసినారి వస్తువు కొనడు. శేషయ్య కొంటాడు. మంచి రకమే కొంటాడు. నలుగురిని విచారించి, అనంతపురం దాకా పోయి, అంగడివాడికి నీరసం వచ్చేదాకా బేరమాడి మరీ కొంటాడు. కొన్న తర్వాత వాడనివ్వడు, అంతే. వాళ్లింట్లో టీవీ రిమోటుకు ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఫ్రిజ్ మీద ఒక గుడ్డ, ఆ గుడ్డ మాయకుండా దాని మీద ఇంకో గుడ్డ. పింగాణీ కప్పులు అద్దాల బీరువాలో నిలబడి, స్టీలు గ్లాసుల్లో కాఫీ తాగేవాళ్లను చూస్తుంటాయి. ఎవరైనా అడిగితే "మంచి రోజుకు ఉండనీలేప్పా" అంటాడు. ఆ మంచి రోజు ఎప్పుడో ఆయనకూ తెలియదు, పంచాంగం రాసినవాడికీ తెలియదు.

కారు కూడా అలాగే కొన్నాడు. ఏడేళ్లయింది. ఏసీ లేని రకం చూపిస్తే మొహం చిట్లించి, ఏసీ ఉన్నదే కావాలని పట్టుబట్టాడు. షోరూం ముందర ఒకసారి మీట నొక్కి, గాలి చల్లగా వస్తోందని చెయ్యి పెట్టి చూసుకుని ఆపేశాడు. ఆ సమయంలో ఆయన భార్య లలితమ్మ బయట టైర్ల కింద నిమ్మకాయలు పెడుతోంది. ఆ తర్వాత ఆ మీట జోలికి ఎవరూ పోలేదు. సీట్లకు కంపెనీవాళ్లు తొడిగిన ప్లాస్టిక్ తొడుగులు కూడా ఎవరూ తీయలేదు. ఎండాకాలంలో వాటి మీద గంటసేపు కూర్చుంటే చీర, వీపు, ప్లాస్టిక్ ఒకటైపోతాయి. దిగేటప్పుడు ఒక్కొక్కటే ఊడదీసుకోవాలి.

"ఉక్కపోస్తాందండీ" అని లలితమ్మ మొదటి రోజుల్లో అనేది.

"కిటికీ దించుకో. దేవుడిచ్చిన గాలి ఉండంగా మిషను గాలి ఎందుకు? ఊరికే తిప్పితే అరిగిపోతాది" అనేవాడు శేషయ్య.

దేవుడిచ్చిన గాలికి ఉరవకొండలో లోటు లేదు. చుట్టూ గుట్టల మీద గాలిమరలు తిరిగేది దానికే. వైశాఖంలో ఆ గాలి మొహానికి తగిలితే పొయ్యిలోకి తొంగిచూసినట్టుంటుంది. లలితమ్మ రెండో ఏడు నుంచి అడగడం మానేసి, తడిగుడ్డ ఒకటి వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఇలా ఉండగా శేషయ్యకు మంచి రోజు దొరికింది. బెంగళూరులో కాపురముంటున్న కూతురు అనుపమ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మే నెలలో కాన్పు అన్నారు డాక్టర్లు, అనంతపురం ఆస్పత్రిలో. మే నెల, అనంతపురం నుంచి ఉరవకొండ, పసిబిడ్డ, పచ్చి బాలింత. శేషయ్య మనసులో ఆ నాలుగూ కలిసేసరికి ఆయన ఛాతీ ఉబ్బింది. ఏడేళ్లు దాచింది దీనికోసమే అని అప్పటికప్పుడు తేలిపోయింది. కొట్లో చీర మడత విప్పుతూ, మడత పెడుతూ, వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. "మా ఇంటికొచ్చే బిడ్డ ఏసీలో వస్తాది. ఎండ మొగం గూడా చూడదు." నిజం చెప్పాలంటే ఆయనకు ఆ బిడ్డ మీద అప్పటికే ప్రాణం. దానికోసం ఏం చేయాలో తెలియక, తన దగ్గరున్న వాటన్నిటిలో ఎక్కువ భద్రంగా దాచినదాన్ని ఇవ్వాలనుకున్నాడు.

శివరాత్రి పోయాక ఒకరోజు పరీక్షకని మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ఏడేళ్ల దుమ్ము మొహాన కొట్టింది. దాని వెనకాల వచ్చిన గాలి బయటి గాలికంటే వేడిగా ఉంది. శేషయ్య కాసేపు చూశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు. దాని తీరు మారలేదు.

అనంతపురం రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ జయరాజు దగ్గరికి పోయాడు. జయరాజుకు నోరు పెద్దది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. బానెట్ ఎత్తకుండానే రోగం చెప్పేయడం ఆయన అలవాటు.

"గ్యాస్ అయిపోయింటాదిలేన్నా."

"అయిపోయేదానికి యాడ వాడితిమప్పా? పొయ్యి మీదేమన్నా పెడితిమా?"

"అదంతే, అయిపోతాంటాది" అని జయరాజు గ్యాస్ కొట్టాడు. ఏసీ చల్లబడింది. శేషయ్య గాలికి అడ్డంగా చెయ్యి పెట్టి, తృప్తిపడి, వెంటనే ఆపేసి ఇంటికొచ్చాడు. మరుసటి వారం మళ్లీ నొక్కితే మళ్లీ పొయ్యిగాలే. కారు తీసుకుపోయి జయరాజు షెడ్డు ముందర నిలబెట్టి, నడిచే ఇంటికొచ్చాడు. కోపం వచ్చినప్పుడు ఆయన ఆటో ఎక్కడు.

సాయంత్రం కొట్లో ఉండగా జయరాజు ఫోన్ చేశాడు. వెనకాల ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"అన్నా, దొరికింది. వాడక చెడిపోయిందన్నా ఇది!" అని అరిచి, పెట్టేశాడు.

ఈ వాడక అనే మాటతో చిక్కుంది. వాడకుండా అని ఒక అర్థం, వాడుక అని ఇంకో అర్థం. జయరాజు మొదటి అర్థంలో అన్నాడు. శేషయ్యకు మాత్రం రెండోదే వినిపించింది. వాడకం వల్ల చెడిపోయింది! తాను ముట్టలేదు. మరి వాడిందెవరు? కొట్టు మూసేదాకా కూడా ఆగలేకపోయాడు. ఇంటికొచ్చి వంటింటి గడపలో నిలబడ్డాడు. లలితమ్మ పప్పు ఎనుపుతోంది.

"నాకు తెలీకుండా కార్లో ఏసీ వేసినావా?"

లలితమ్మకు ముందు అర్థం కాలేదు.

"నేను కొట్టుకు పోయినప్పుడు, కారు ఇంటిముందర ఉన్నెప్పుడు, తాళం తీసుకొని లోపల కూర్చోని వేసుకున్యావా అని అడుగుతాండా. నిజం చెప్పు. వాడి వాడి చెడిపోయిందంట."

లలితమ్మ పప్పుగుత్తి పక్కన పెట్టింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"ఆ మీట యాడుంటాదో గూడా నాకు తెలీదండీ" అంది. "ముప్పై ఏండ్ల కాపురంలో ఒక కొత్త చీర మీరు కట్టుకోమనకుండా కట్టినానా? ఈ పొద్దు నన్ను దొంగను చేస్తిరి." అనుపమ పక్కగదిలోంచి లేచి వచ్చి "నాయనా!" అంది. శేషయ్య ఇద్దరినీ చూసి, వెనక్కి తిరిగాడు.

మర్నాడు షెడ్డుకు పోతే జయరాజు బానెట్ ఎత్తి పెట్టి, సబ్బునీళ్ల నురగ పూసి చూపించాడు. బెల్టు పట్టుకునే చక్రం వెనకాల బుడగలు ఒకటి తర్వాత ఒకటి లేస్తున్నాయి. అక్కడంతా జిడ్డు, జిడ్డుకు అంటుకున్న ఎర్రదుమ్ము.

"ముందే చూడాల్సింది, నాదే తప్పు" అని జయరాజు మొహమాటం లేకుండా ఒప్పుకుని, అంతే మొహమాటం లేకుండా పాఠం మొదలుపెట్టాడు. "ఏసీ చలువను పుట్టించదన్నా. లోపలుండే వేడిని ఎత్తుకపోయి బయట పారేస్తాది. ఇదో, ఈ కంప్రెసరు గ్యాసును పట్టుకొని గట్టిగా నొక్కుతాది. నొక్కితే అది కాగిపోతాది. కాగిన గ్యాసు ముందరుండే ఈ జాలీలోకి పోయి, ఆ వేడంతా బయటి గాలికి ఇచ్చేసి నీళ్ల మాదిరి అయితాది. మళ్లా లోపల సన్న సందులోంచి దూరి ఒక్కసారిగా విచ్చుకుంటాది. విచ్చుకుంటే చల్లబడతాది. ఆ చలువనే ఫ్యాను మీ మొగాన కొట్టేది. గ్యాసు మళ్లా కంప్రెసరుకే వస్తాది. తిరిగిందే తిరుగుతాది. ఖర్చే కాదు."

"ఖర్చు కానిది యాడికి పాయ?"

"కారిపాయ. ఇరుసు దగ్గర సీలుంటాది. కంప్రెసరు లోపల నూనె ఉంటాది. మిషను తిరిగితేనే ఆ నూనె సీలుకు అందేది. మీరు ఏడేండ్లు తిప్పకపోతిరి. సీలు ఎండి నెర్రెలిచ్చింది. అందుకే చెప్తి గదన్నా నిన్న, వాడక చెడిపోయిందని. వాడి చెడగొట్టుకోనుంటే నాకు ఇంత బాధ లేదు."

శేషయ్య వంగి ఒక బుడగను వేలితో చిదిమాడు. తర్వాత "వాడకపోతేనా?" అని అడిగాడు.

"వాడకపోతేనే."

పాత కంప్రెసరు లోపల కూడా పాడైందని తేలింది. కొత్తది అనంతపురం నుంచి తెప్పించి బిగించారు. తేమ పట్టే డబ్బా మార్చారు. గొట్టాల్లో గాలీ తడీ లేకుండా మిషను పెట్టి లాగేసి, అప్పుడు తూకం ప్రకారం గ్యాస్ ఎక్కించారు. ముందర జాలీలో పేరుకున్న దుమ్మూ వేరుశనగ పొట్టూ నీళ్లతో కడిగితే ఒక చేట నిండింది. జాలీకి అడ్డంగా వేలాడుతున్న నిమ్మకాయల దండను జయరాజు ప్రార్థన చేసుకునేవాడి మర్యాదతో తీసి, నంబరు ప్లేటుకు కట్టాడు. చివరికి చెప్పాడు. "వారానికొకసారి పది నిమిషాలు తిప్పండన్నా. చలికాలమైనా సరే. సీలు తడిగా ఉంటాది. జాలీని మెల్లగా నీళ్లతో కడగండి, దాని సన్న రెక్కలు వంచొద్దండి. ఎండలో నిలిపిన బండైతే ముందు అద్దాలు దించి వేడి పోనీండి, అప్పుడు వేయండి."

ఇంటికొచ్చి శేషయ్య భార్యతో "జయరాజు మాట నాకు సరిగ్గా ఇనపళ్ల్యా" అన్నాడు. ఆయన వంశంలో క్షమాపణ చెప్పడమంటే అంతకు మించి ఎవరూ చేయలేదు. లలితమ్మ అన్నం వడ్డించింది, నెయ్యి వేసింది. ఆయన తినేదాకా ఉండకుండా పెరట్లోకి పోయింది.

ఇంత జరిగాక మామూలు మనిషైతే ఏసీ వేసుకుని తిరుగుతాడు. శేషయ్య వేరే రకంగా బాగుపడ్డాడు. శుక్రవారం పూజ కాగానే కారు ఇంటిముందర పెట్టి, ఇంజన్ వేసి, ఏసీ వేసి, అద్దాలన్నీ ఎత్తి, తాను కిందికి దిగేవాడు. పది నిమిషాలు ఎండలో నిలబడి గడియారం చూసేవాడు. లోపల సీట్లు చల్లబడేవి, స్టీరింగు చల్లబడేది, డ్యాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి చల్లబడేవాడు. మనిషన్నవాడు ఒక్కడూ ఉండడు. కారు కింద గొట్టంలోంచి నీళ్లు బొట్టుబొట్టుగా కారి మట్టి తడిసేది. వీధి కుక్క ఒకటి ఆ వేళ కనిపెట్టి, వచ్చి ఆ తడిలో పొట్ట ఆనించి పడుకునేది. ఏడేళ్లలో ఆ ఏసీ వల్ల మొదట సుఖపడింది అదే.

కరెంటు పోయి అరుగు మీద విసనకర్రతో కూర్చున్న అనుపమ ఒకసారి అడిగింది. "లోపల ఎవరుండారు నాయనా?"

"ఎవరూ లేరు. కంప్రెసర్ కోసం."

"నేను కూర్చుంటానే మరి."

"నిలబడిన బండిలో ఏసీ వేసుకొని కూర్చోగూడదమ్మా, పొగ లోపలికొస్తాది."

"అయితే నడుపు. అమ్మ గూడా వస్తాది, అట్ల పోయొద్దాం."

శేషయ్య గడియారం చూసుకున్నాడు. "పది నిమిషాలైపాయ" అని పోయి ఆపేశాడు. లలితమ్మ లోపల్నుంచి ఇదంతా వింటూనే ఉంది. ఆ కారు వైపు మాత్రం తిరిగి చూడలేదు.

మే రెండో వారంలో అనుపమకు ఆడపిల్ల పుట్టింది. ఇంటికి పంపే రోజు శేషయ్య తెల్లవారకముందే లేచి కారు కడిగాడు, జాలీ కడిగాడు. పొద్దున్నే బయలుదేరాలనుకున్నాడు గానీ, ఆస్పత్రివాళ్లు ఈ సంతకం ఆ సంతకం అంటూ మిట్టమధ్యాహ్నం చేశారు. ఆయనకు లోలోపల సంతోషమే. ఎండ ఎంత ముదిరితే ఏసీకి అంత గౌరవం. అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చాడు. ఏసీ మాత్రం వేయలేదు. అందరూ కూర్చున్నాక, అందరూ చూస్తుండగా నొక్కాలి.

లలితమ్మ ముందుగా వచ్చింది. వెనకాల అనుపమ. చెవుల్లో దూది, తల చుట్టూ శాలువా, కాళ్లకు మేజోళ్లు. చేతుల్లో బిడ్డ, బిడ్డ తలకు ఊలు టోపీ. అనుపమ కాళ్లు చాపుకునేందుకు వెనకసీటంతా ఇచ్చి, లలితమ్మ ముందు కూర్చుంది. అద్దాలు ఎత్తేశారు. శేషయ్య గొంతు సవరించుకుని వేలు చాపాడు.

"ఏం చేస్తాండారు?" అంది లలితమ్మ.

"ఏసీ."

"బాలింతకు చలిగాలా? పసిబిడ్డకా? రేపు సీతం చేసి ఒళ్లు బిగుసుకపోతే మీ కంప్రెసరు వచ్చి కాపడం పెడతాదా?"

"అట్లయితే కిటికీలన్నా..."

"వడగాలి. దుమ్ము. దించొద్దండి."

"లలితా, ఈ పొద్దు కోసమే గదా ఏడేండ్లు దాచినా!"

"దాచింది దాచినట్లే ఉండనీండి" అంది లలితమ్మ, రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పకుండా. "ఊరికే తిప్పితే అరిగిపోతాదని మీరే అంటిరి. నన్ను దొంగను చేసిన పొద్దే అనుకుంటిని, ఇంగ దాని గాలి నాకొద్దని."

శేషయ్య వేలు వెనక్కి తీసుకుని గేరు వేశాడు. కారు కదిలింది. ఊరు దాటింది. అద్దాలు మూసిన కారులో, ప్లాస్టిక్ సీట్ల మీద, నలుగురూ ఉడుకుతున్నారు. ఆయన మెడ మీద చెమట చొక్కాలోకి కాలువ కట్టింది. ఏడేళ్లుగా ఈ సీట్లో తానే కూర్చున్నాడు గానీ, ఇంత ఉక్క ఎప్పుడూ తెలియలేదు. బహుశా ఇప్పుడు బిడ్డకు కూడా ఉక్కపోస్తోందని తెలియడం వల్ల కావచ్చు.

కూడేరు దాటాక బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. ముందు కుయ్యి కుయ్యి అని, తర్వాత ఊపిరి అందకుండా. అనుపమ పాలివ్వబోయింది, పట్టలేదు. టోపీ తీసేసింది. బిడ్డ మొహం మోదుగుపువ్వంత ఎర్రగా ఉంది. శేషయ్య బండి జోరు తగ్గించాడు. భార్యను చూశాడు. లలితమ్మ పెదవులు కొరుక్కుంటోంది. ఆమెకూ భయం వేసింది, కానీ పట్టిన పంతాన్ని ఎక్కడ దించాలో ఆమెకూ తెలియడం లేదు.

"నాయనా, ఈ పొద్దు ఏం వారం?" అని అడిగింది అనుపమ వెనకనుంచి.

"శుక్రవారం."

"కంప్రెసరు తిప్పినావా?"

శేషయ్య ఉలిక్కిపడ్డాడు. ఈ హడావిడిలో మరిచేపోయాడు. "లేదమ్మా."

"మళ్లా సీలు ఎండిపోతాదేమో. కొత్తది గదా."

లలితమ్మ ఎంతైనా ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు బతికిన మనిషి. మనుషుల బాధనైతే ఎంతదాకైనా ఓర్చుకోగలదు. కొత్త వస్తువు కళ్లముందు చెడిపోతుంటే ఓర్చుకోలేదు.

"కంప్రెసరుకైతే తిప్పండి" అంది చివరికి. "పది నిమిషాలే. మాకోసం కాదు."

శేషయ్య మీట నొక్కాడు. ముందర ఎక్కడో కంప్రెసరు టక్కుమని పట్టుకుంది. ఇంజన్ కొంచెం మూలిగి సర్దుకుంది. మొదట వేడిగాలి, తర్వాత మామూలు గాలి, తర్వాత చల్లగాలి. వెనక ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. వెక్కిళ్లు ఆగాయి. అనుపమ ఒక చెవిలోని దూది తీసి బిడ్డ ఊపిరి విని, "పండుకున్యాది" అంది. గొంతులో ఏడుపు, నవ్వు రెండూ ఉన్నాయి.

లలితమ్మ తన ఎదుటి గాలిరెక్కలను తలుపు వైపు తిప్పడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. అరచేయి గాలికి పట్టింది, తిరగేసి మళ్లీ పట్టింది. తర్వాత గాలిరెక్కలను మెల్లగా తనవైపే తిప్పుకుంది. కొంగుతో మెడ తుడుచుకుని, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది. నుదుటి మీద అతుక్కున్న వెంట్రుకలు ఆరి, లేచి ఆడుతున్నాయి. శేషయ్య రోడ్డు చూస్తూ, ఆమెను చూస్తూ నడిపాడు. పది నిమిషాలు గడిచాయి. అలవాటుగా ఆయన వేలు మీట మీదికి పోయింది.

"ఏమండీ" అంది లలితమ్మ, కళ్లు తెరవకుండానే.

"ఊఁ."

"ఇది ఇన్నేండ్లూ ఈడనే ఉండిందా?"

కోపంగా అడిగి ఉంటే శేషయ్య ఏదో ఒకటి చెప్పేవాడు. కోపానికి చెప్పడానికి ఆయన దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఆమె కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. ఏడేళ్లు ఎవరికోసమో దాచాడు. పక్కసీట్లో తడిగుడ్డతో మొహం తుడుచుకుంటూ వచ్చిన మనిషి ఆ ఎవరో అయి ఉండవచ్చని ఒక్క రోజు కూడా తట్టలేదు.

"ఉండిందే" అన్నాడు, మీట మీదినుంచి వేలు తీసేసి.

ఆమె తల మెల్లగా కిటికీ వైపు వాలింది. ఉరవకొండ వచ్చింది. కొట్టు దాటింది. ఇంటి సందు దగ్గరికి వచ్చాక శేషయ్య కారు తిప్పలేదు, నేరుగా పోనిచ్చాడు.

"నాయనా, ఇల్లు దాటిపోతాండావు" అంది అనుపమ మెల్లగా.

"తెలుసులేమ్మా. పండుకోనుండాది, లేపొద్దు" అన్నాడు శేషయ్య.

వెనక బిడ్డ కూడా నిద్రపోతూనే ఉంది గానీ, ఆయన అన్నది బిడ్డను గురించి కాదు.